నేరుగా వచ్చే విమానం

కొండ కింద ఇల్లు

వదినకు,

నిన్న కాస్త ఎండ కాసింది. ధైర్యం చేసి తేనెపెట్టెల మూతలు ఎత్తి చూశాను. నలభై పెట్టెల్లో పన్నెండింట్లో రాణి లేదు. వెతకనవసరం కూడా లేకపోయింది. మూత మీద చెవి పెడితే చాలు, లోపల మూలుగు. రాణి ఉన్న పెట్టె ఎలా పాడుతుందో, లేనిది ఎలా మూలుగుతుందో నాకు నేర్పింది నువ్వే కాబట్టి వివరించను.

ఇక్కడ ఇంకా చలి వదల్లేదు. మగ ఈగ ఒక్కటి లేదు. పెట్టెలు సొంతంగా రాణిని పెంచుకున్నా అది జత కట్టే దారి లేదు. మీవైపు ఎండలు ముదిరాయి కదా, మీ కేంద్రంలో ఇప్పటికే రాణులు తయారై ఉంటాయి. పన్నెండు రాణులు కావాలి. పూత మొదలయ్యే లోపల కావాలి. పూతకి మన పెట్టెలు అద్దెకి పెట్టించుకునే తోటాయన నిన్న గట్టు మీద నిలబడి మరీ చెప్పాడు, "నలభై పెట్టెలు దింపితే దింపు, లేకపోతే ఇంకొకళ్ళని పిలుచుకుంటాను, సగం సగం పని నాకొద్దమ్మాయ్" అని. ఆ తోట పోతే నేను పెట్టెలు అమ్ముకోవడమే. అన్నయ్యా నువ్వూ కట్టిన పెట్టెలు. ఎవరికి అమ్మాలో కూడా నువ్వే చెబుదువుగాని.

పార్శిల్లో పంపకు. నువ్వే తీసుకురా. దూరం అనకు. పక్కింటి కుట్టుపని ఆవిడ ఫోన్‌లో చూపించింది. మీ విమానాశ్రయం నుంచి మా విమానాశ్రయానికి మూడు వేల రెండు వందల కిలోమీటర్లట, ప్రయాణ కాలం నాలుగు గంటల చిల్లరట. నాలుగు గంటలంటే నువ్వు ఇక్కడున్నప్పుడు పొద్దున్నే పొగ డబ్బా రాజేసి పన్నెండు పెట్టెలు చూసి వచ్చేదానివి. ఆరేళ్ళయింది నువ్వు వెళ్ళి. ఆ నాలుగు గంటలు నీకు దొరకలేదా?

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడగకు. ఫోన్‌లో ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, చివరికి ఎవరో ఒకరం ఠక్కున పెట్టేస్తాం. కాగితం మీదైతే నేను చెప్పడం పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండక తప్పదు.

నీ మరదలు


రాణుల పెంపకం కేంద్రం, సిబ్బంది గదులు

మరదలికి,

నువ్వు చెప్పడం పూర్తయింది కదా, ఇక నేను.

కుట్టుపని ఆవిడని ఆ ఫోన్‌లో కింద చిన్న అక్షరాలతో ఏముందో కూడా చదవమను. "ఈ రెంటి మధ్య నేరుగా విమానం లేదు" అని ఉంటుంది. నేనూ చూశాను. లేని విమానం నాలుగు గంటల్లో వస్తుందట! అలాంటి విమానమైతే నేను రోజూ ఎక్కుతాను, నాకేం కష్టం?

ఉన్న విమానాలు రెండు. ఇక్కడి నుంచి మధ్య ఊరికి పెద్దది, అక్కడి నుంచి మీకు చిన్నది. ఆ చిన్నది వారానికి రెండుసార్లే. నాకు ఇక్కడ చిన్న పురుగుల్ని రాణి గదుల్లోకి ఎక్కించే పని నడుస్తోంది. ఒక్కరోజు చెయ్యి ఆగితే ఆ గదుల్లోని పిల్లంతా పాడవుతుంది. కేంద్రం పెద్దాయన సెలవు ఇవ్వడు. అడిగి మాట పోగొట్టుకోవడం ఎందుకు?

రాణులు మాత్రం వస్తున్నాయి. కేంద్రం వాళ్ళ లారీలో పంపితే కుదుపులకి సగం చస్తాయి. అందుకని నేనే రెండు విమానాలకీ విడివిడిగా కట్టించాను. సరుకు గుమస్తా, "తెల్లారుజాము విమానానికి ఇవ్వండమ్మా, రెండో విమానం తీరిగ్గా అందుతుంది" అని నసిగాడు. తెల్లారుజాము విమానమంటే ముందు రాత్రంతా రాణులు వాళ్ళ కొట్లో పడి ఉండాలి. ఎందుకు? లెక్క నాకు రాదా? మధ్య ఊరు రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు, విమానం గంటకి ఎనిమిది వందలు పోతుంది. తొమ్మిదింటికి బయలుదేరితే పన్నెండింటికి అక్కడ. చిన్న విమానం ఒంటిగంటకి. మధ్యలో గంట ఉంది. సాయంత్రంలోగా నీ చేతిలో ఉంటాయి. ఈగ పువ్వు దగ్గరికి పోయే దారి ఎప్పుడూ గీత గీసినట్టు ఉంటుంది, మన లెక్కా అంతే ఉండాలని మీ అన్నయ్య అనేవాడు. ఈ మనుషులే చుట్టూ తిరుగుతారు.

ఒక్కో రాణికి అగ్గిపెట్టెంత డబ్బా, లోపల చక్కెర ముద్ద, దానికి మేత పెట్టడానికి ఆరేసి తోడు ఈగలు. డబ్బాలకి నీళ్ళ చుక్క తగిలించు, ఎండలో పెట్టకు. ఇవన్నీ నీకు తెలిసినా రాస్తున్నాను, ఎందుకంటే తెలిసినవే నువ్వు ముందు మర్చిపోతావు.

బుధవారం విమానాశ్రయానికి వెళ్ళు. లారీ బాబాయ్‌ని ముందే అడుగు. చివరి నిమిషంలో అడిగితే అతని లారీకి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు ఉంటుంది.

మీ వదిన


కొండ కింద ఇల్లు

వదినకు,

బుధవారం వెళ్ళాను. లారీ బాబాయ్ తిండి కూడా మానుకుని వచ్చాడు. చిన్న విమానం దిగింది. అందులోంచి ఒక కుర్చీ, నాలుగు టైర్లు, ఎవరిదో కుక్క దిగాయి. రాణులు దిగలేదు.

"మధ్య ఊళ్ళో ఉండిపోయినట్టున్నాయమ్మా, శనివారం విమానంలో వస్తాయి" అన్నాడు అక్కడి గుమస్తా.

"శనివారమా? అవి సరుకు కాదు బాబూ, ప్రాణాలు" అన్నాను.

"మాకు అన్నీ సరుకేనమ్మా. కుక్క కూడా సరుకే. చూశారుగా."

శనివారం మళ్ళీ వెళ్ళాను. వచ్చాయి. రేకుల షెడ్డులో ఎండకి మూడు రోజులు ఉన్నాయట. చక్కెర ముద్ద కారిపోయి డబ్బాలన్నీ జిగురు. పన్నెండు డబ్బాల్లో ఒక్క కాలు కదల్లేదు. బాబాయ్ ఒక్కో డబ్బా చెవి దగ్గర పెట్టుకుని విని కింద పెట్టాడు. వింటే బతుకుతాయన్నట్టు. అన్నీ అయ్యాక, "పోన్లేమ్మా, కుక్క బాగానే వచ్చింది" అన్నాడు. అతన్ని ఏమనను, నవ్వాను. ఇంటికొచ్చాక ఒళ్ళు మండింది.

ఎందుకు ఆగిపోయాయని కనుక్కున్నాను. నీ పెద్ద విమానం మధ్య ఊళ్ళో దిగింది రెండింటికట. పన్నెండింటికి కాదు. చిన్న విమానం ఒంటిగంటకి వెళ్ళిపోయింది. దిగకముందే పోయిన విమానాన్ని అందుకోమని రాణులకి చెప్పి పంపావన్నమాట.

రాణి లేని పెట్టెలకి బాగున్న పెట్టెల్లోంచి గుడ్లూ పురుగులూ ఉన్న పిల్ల చట్రాలు తీసి ఇస్తున్నాను. అలా ఇస్తూ పోతే పని ఈగలే గుడ్లు పెట్టడం మొదలుపెట్టకుండా కొన్నాళ్ళు ఆగుతాయి. మొదలుపెట్టాయంటే తర్వాత రాణిని ఇచ్చినా చంపేస్తాయి. అంటే నేను బాగున్న వాటిని దోచి బాగాలేని వాటికి పెడుతున్నాను. ఎన్నాళ్ళు పెడతాను?

నీ మరదలు


రాణుల పెంపకం కేంద్రం, సిబ్బంది గదులు

మరదలికి,

పన్నెండు రాణులు. వాటిని నేనే పురుగు దశ నుంచి చేత్తో ఎత్తి పెంచాను. నాకు ఏడుపు రాలేదనుకోకు. అది వేరే సంగతి.

కానీ నా లెక్క తప్పంటే ఒప్పుకోను. తొమ్మిదింటికి విమానం లేవడం నేను కంచె ఇవతల నిలబడి చూశాను. ఆ తర్వాత చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాను. సరిగ్గా పన్నెండయ్యాక, హమ్మయ్య దిగి ఉంటుంది అనుకుని టీ తాగాను. విమానం ఆలస్యం కాలేదని ఇక్కడి గుమస్తా కూడా ఒట్టు పెట్టాడు. ఆలస్యం కాకుండా మూడు గంటల దారి ఐదు గంటలు ఎలా అవుతుంది? ఆ రెండు గంటలు ఎక్కడికి పోయాయి? ఆకాశంలో ఆపి చీట్లాడుకున్నారా? అడిగితే గుమస్తా నా వంక వింతగా చూసి, "అక్కడి టైము వేరు కదమ్మా" అన్నాడు. వేరైతే? టైము వేరైతే దారి పెరుగుతుందా? వీళ్ళు తప్పు చేసి మన నెత్తిన రుద్దుతారు.

ఇంకో పన్నెండు పెంచుతున్నాను. ఈసారి ఏ విమానానికి కట్టించమంటావో నువ్వే చెప్పు, మాట పడే ఓపిక నాకు లేదు.

పిల్ల చట్రాలు ఇవ్వడం మంచి పనే. అయితే వాటి మీద రాణి గదులు కడతాయి, వారం వారం గిల్లెయ్. వదిలేస్తే జత కట్టని రాణి పుట్టి ఇంకో తలనొప్పి.

మీ వదిన


కొండ కింద ఇల్లు

వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తిట్టుకుంటూ. రెండోసారి తిట్టు ఆగిపోయింది.

మధ్య ఊళ్ళోనూ మా దగ్గరా గడియారం మీకంటే రెండు గంటలు తేడా. నీ దగ్గర పన్నెండైనప్పుడు అక్కడ రెండు. విమానం దిగగానే లోపలున్న వాళ్ళంతా, లేచి నిలబడకముందే, ముల్లు తిప్పుకుంటారు. పైన గంట కొట్టి మరీ చెబుతారు, "ఇక్కడి సమయం ఇంత" అని. ఒక్కసారి విమానం ఎక్కిన మనిషి, ఎంత మందమతి అయినా, ఈ తప్పు చెయ్యదు. నువ్వు మందమతివి కాదు.

వదినా, నువ్వు అసలు విమానం ఎక్కావా?

ఆ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు "సామాను ఎక్కువ" అని మూడు రోజులు రైల్లో పోయావు, ఆ ఏడే మావైపు రైలు ఆపేశారు. ఆ పైన ఒకసారి వస్తానని రాసి, విమానం రద్దయిందన్నావు. నీ కోసం నేను ఆ రోజు విమానాశ్రయంలోనే ఉన్నాను. విమానం వచ్చింది. నువ్వు రాలేదు. వేరే ఏదో రద్దయి ఉంటుందిలే అని సర్దుకున్నాను. అన్నయ్యని పెద్దాసుపత్రికి విమానంలో తీసుకెళ్ళింది నేను. నువ్వు దుప్పట్లూ గిన్నెలూ మూట కట్టుకుని వెనక రైల్లో వచ్చావు. వచ్చేసరికి రెండు రోజులు ఆలస్యం. అప్పుడు కూడా సామాను కోసమే అనుకున్నాను. గిన్నెలు అక్కడా దొరుకుతాయి కదా అని ఎవరూ అనలేదు, ఎందుకంటే అనేంత తెలివి ఆ రోజు మాలో ఎవరికీ లేదు.

నాకు కోపం ఎందుకొస్తోందంటే, ఆరేళ్ళుగా నువ్వు రాకపోవడానికి నేనే కారణం అనుకుంటున్నాను. అన్నయ్య పోయాక పెట్టెలు ఎక్కడ దించాలని నీతో ఆడిన గొడవే కారణం అనుకుంటున్నాను. భయమని ఒక్క ముక్క రాసి ఉంటే నేను కొంచెం సుఖంగా నిద్రపోయేదాన్ని.

తోటలో మొగ్గ ఎర్రబడింది. తోటాయన రోజూ వచ్చి మొగ్గా నా మొహమూ చూసిపోతున్నాడు. ఇంకో మూడు వారాలకంటే నెట్టలేను. ఈసారి రాణులు మళ్ళీ ఏ షెడ్డులోనో పడితే నా దగ్గర ఇంకో విడతకి కాలం లేదు. మనిషి చేతిలో రావాలి. మనిషంటే నువ్వే. రాలేకపోతే రాలేనని రాయి, పెట్టెలు కొనేవాళ్ళకి కబురు పెడతాను. కానీ దూరం, సెలవు, సామాను అని మాత్రం రాయకు.

నీ మరదలు


రాణుల పెంపకం కేంద్రం

మరదలికి,

కొన్ని సంగతులు తెలియాలి. వెంటనే రాయి.

విమానంలో కిటికీ తెరుస్తారా?

మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడైనా ఆపుతారా?

పైకి లేచేటప్పుడు కళ్ళు మూసుకుంటే మేలా, తెరుచుకుంటే మేలా?

రాణుల డబ్బాలు జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటాను. ఒంటి వేడికి బాగుంటాయి. వాళ్ళు తియ్యమంటే ఏం చెప్పాలి? పెద్దాయన అనుమతి కాగితం ఇచ్చాడు. సెలవు కూడా ఇచ్చాడు. "ఆరేళ్ళ నుంచి తీసుకోమంటూనే ఉన్నాను కదమ్మా" అన్నాడు. ఈ మాట నీకు రాయాల్సిన పని లేదు, రాశాను.

పక్కన కూర్చునే వాళ్ళతో మాట్లాడాలా? మాట్లాడకపోతే ఏమైనా అనుకుంటారా?

తెల్లారుజాము విమానానికే టికెట్టు తీసుకున్నాను.

మీ వదిన


కొండ కింద ఇల్లు

వదినకు,

కిటికీ తెరవరు. ఆపరు. ఆపడానికి అదేమైనా బస్సా? నీ ప్రశ్నలు చదివి నెత్తి కొట్టుకున్నాను, తర్వాత నవ్వాను, తర్వాత మళ్ళీ కొట్టుకున్నాను.

లేచేటప్పుడు కళ్ళు ఎలా ఉన్నా అది లేస్తుంది. చెవులు మూసుకుపోతాయి, గుటకలు మింగు. మధ్యలో గుంతలో పడ్డట్టు కుదుపుతుంది. అప్పుడు అక్కడ తిరిగే పనిపిల్ల మొహం చూడు. ఆ పిల్ల టీ పోస్తూనే ఉంటే ఏమీ కానట్టు. నేను అన్నయ్యతో వెళ్ళినప్పుడు దారంతా ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాను.

డబ్బాలు జేబులో పెట్టుకునే ఎక్కు. అడిగితే కాగితం చూపించు, చూపించి ఊరుకో. చక్కెర ముద్ద ఎంత మెత్తగా ఉండాలో వాళ్ళకి పాఠం చెప్పకు. పక్కవాళ్ళతో మాట్లాడక్కర్లేదు. నువ్వు మాట్లాడటం మొదలుపెడితే వాళ్ళే కిటికీ తెరవమంటారు.

మధ్య ఊళ్ళో దిగాక గోడ మీద గడియారం చూడు. నీ చేతిది చూడకు. దండం పెడతాను, చూడకు.

నేను విమానాశ్రయంలో ఉంటాను. నువ్వు దిగకపోతే ఈసారి ఎవరిని తిట్టాలో నాకు తెలుసు.

నీ మరదలు


మధ్య ఊరి విమానాశ్రయం, కుర్చీల హాలు

మరదలికి,

కాగితం ఇక్కడి దుకాణంలో అడిగి తీసుకున్నాను. ఈ ఉత్తరం నాకంటే వెనక చేరుతుందని తెలుసు. అయినా ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మొదటిది అయింది. ఎలా అయిందని అడగకు. నువ్వు చెప్పిన పనిపిల్ల మొహమే చూశాను. ఎంతసేపు చూశానంటే ఆ పిల్ల వచ్చి, "అమ్మా, నన్ను ఎక్కడైనా చూశారా?" అని అడిగింది. పక్కన పళ్ళ డాక్టరు కూర్చున్నాడు. కాసేపటికి, "ఎక్కడో ఏదో గీ అంటోంది, మీకు వినిపిస్తోందా?" అన్నాడు. "నాకు చెవుడు" అన్నాను. ఆ తర్వాత ఆయన నాకు వినపడాలని ప్రతి మాటా అరిచి చెప్పాడు. మీ పళ్ళు ఎలా ఉన్నాయని కూడా అరిచాడు.

పన్నెండూ బతికే ఉన్నాయి. ఇప్పుడే గోడ వైపు తిరిగి చూసుకున్నాను. వేలితో నీళ్ళ చుక్క పెట్టాను.

గోడ గడియారమే చూస్తున్నాను. చిన్న విమానం అద్దంలోంచి కనిపిస్తోంది. దానికి బయట పంకాలు తిరుగుతాయట, ఇంట్లో పంకాల్లాగా. నడిపే కుర్రవాడు దాని పక్కన నిలబడి అరటిపండు తింటున్నాడు. పెద్దదాంట్లో నడిపేవాడు కనపడలేదు, అదే నయం.

ఇక్కడి నుంచి వెనక్కి రైలు ఉంది. అడిగి కనుక్కున్నాను. ముందుకి లేదు. నీకు అబద్ధం రాయను, ఎక్కుతానో లేదో నాకే తెలియదు. ఎక్కకపోతే డబ్బాలు ఆ అరటిపండు కుర్రవాడి చేతికిచ్చి, జేబులో పెట్టుకోమని చెబుతాను. చొక్కాకి జేబు ఉంది, చూశాను.

పిలుస్తున్నారు.


వంటిల్లు

పక్క గదిలో ఉన్న వదినకు,

ఎదురుగా మాట్లాడుకుంటే మనిద్దరికీ ఫోన్ కంటే అధ్వాన్నం అని ఈ తొమ్మిది రోజుల్లో తేలిపోయింది. అందుకని తలుపు కింద నుంచి తోస్తున్నాను.

మధ్య ఊళ్ళో నువ్వు రాసిన ఉత్తరం ఈ మధ్యాహ్నం వచ్చింది. "ఎక్కుతానో లేదో నాకే తెలియదు" అన్నచోట నాకు నిజంగా గుండె ఆగినంత పనైంది. అప్పుడు నువ్వు నా వెనకే నిలబడి, పొగ డబ్బా పెట్టినచోట ఎందుకు ఉండదని నన్ను తిడుతున్నావు.

పన్నెండింట్లో పది పెట్టెలు రాణిని ఒప్పుకున్నాయి. ఒప్పుకోని రెంటినీ పక్క వాటిలో కలిపేశాను. ముప్ఫై ఎనిమిది. తోటాయన లెక్క పెట్టాడు. "రెండు తగ్గాయమ్మాయ్" అన్నాడు. నువ్వు ముసుగు తియ్యకుండానే, "ఆ రెంటికీ కూడా రాణుల్ని నీ పూత కంటే ముందే మోసుకొచ్చాను, అవి ఒప్పుకోకపోతే నేనేం చెయ్యను, ఆ ఖాళీ చోట్లో కూర్చుని పూత చూసుకో" అన్నావు. ఆయన మళ్ళీ లెక్క పెట్టలేదు. పెట్టెలన్నీ తోటలో దిగాయి. ఇవాళ ఈగల కాళ్ళ నిండా పుప్పొడి. అది నువ్వూ చూశావు, కానీ చూశానని ఒప్పుకోవు, చట్రాలు వంకరగా కొట్టానని అంటావు.

ఇక అసలు సంగతి. నీ సెలవు ఆదివారంతో అయిపోతుంది. వెళతావో ఉంటావో నువ్వు చెప్పవు. నేను అడగను. అడిగితే గొడవ పెట్టెల దగ్గర మొదలై ఎక్కడికో పోతుంది. కానీ వచ్చిన రోజు నుంచి నువ్వు అందరూ తిన్నాక రెండు గంటలకి తింటున్నావు, అందరూ లేచాక రెండు గంటలకి లేస్తున్నావు, లేచి "అప్పుడే ఇంత ఎండా?" అంటున్నావు. నీ చేతి గడియారం ఇంకా అక్కడి టైములోనే ఉంది. తొమ్మిది రోజులుగా చూస్తున్నాను. నోటిదాకా వచ్చి మింగుతున్నాను.

ఆదివారం వెళ్ళేదానివైతే దాన్ని అలాగే ఉంచుకో. లారీ బాబాయ్‌కి రేపే చెప్పాలి, చివరి నిమిషంలో అయితే లారీకి జబ్బు చేస్తుంది. ఉండేదానివైతే ఆ ముల్లు తిప్పుకుని పొద్దున్నే నాతో లేచి తగలడు. రెంట్లో ఏదో ఒకటి చెయ్. మధ్యలో నా వల్ల కాదు.

నీ మరదలు


పక్క గది

మరదలికి,

ఎన్ని గంటలో తెలుసు, రెండు. ముందుకా, వెనక్కా?

పొద్దున కాదు, ఇప్పుడే రాసి తోయి. తప్పు తిప్పి అందరికంటే నాలుగు గంటలు ఆలస్యంగా లేస్తే మళ్ళీ నీతో మాట పడాలి.

మీ వదిన